నానక్‌రామ్‌గూడ ఆడబిడ్డ

బోరబండ,
18 మే 2025.

పెద్దనాయనకు సాయిచంద్ దండాలు.

మొన్న ఫోన్ చేస్తే "ఎవరూ, పాలోడా? ఈ పూట వద్దు పో" అని పెట్టేశారు. మళ్లీ చేశాను. మళ్లీ పాలవాడినే అయ్యాను. చెవి మిషన్ కొనిస్తే డబ్బాలోనే ఉంచి, డబ్బాకు పసుపు బొట్టు పెట్టారని తెలుసు. సరే, ఉత్తరమే రాస్తున్నాను. అమ్మా నాన్నా పోయాక నన్ను వికారాబాద్ తీసుకెళ్లి పలక పట్టించిన రోజునే చెప్పారు కదా, "నోటి మాట గాలికి పోతది, కాయితం మీది మాట కచేరి దాకా పోతది" అని. జీవితమంతా కోర్టులో నకళ్లు రాసిన మనిషి మాట. దాన్ని పట్టుకునే పెరిగాను.

అసలు విషయం. నానక్‌రామ్‌గూడలో మన సమాధుల చుట్టూ నీలం రేకులు పాతారు.

మా ఆఫీసు తొమ్మిదో అంతస్తు క్యాంటీన్‌లో ఒక మూల బల్ల నాది. అక్కడినుంచి రెండు టవర్ల సందులో మన పది గుంటల ముక్క కనిపిస్తుంది. రోజూ పప్పన్నం తింటూ తాతను, అమ్మను, నాన్నను చూసుకుంటాను. టీమ్‌లో వాళ్లు "వ్యూ బాగుందా బ్రో" అంటే బాగుందనే చెబుతాను. సోమవారం చూస్తే అంతా నీలం. అన్నం వదిలేసి కిందికి ఉరికాను. గేటు దగ్గర మనిషి, "ఏ సమాధులన్నా? గిది కంపెనీ జాగ. జర ఆ పక్కకు జరుగు, లారీ రావాలె" అన్నాడు. నా తండ్రిని పూడ్చిన చోట నన్ను పక్కకు జరగమన్నాడు!

నేను ఊరుకోను. మా చదువరుల బృందం వేసిన కరపత్రంలో ఒక వాక్యం ఉంది: "శిస్తు కట్టినవాణ్ని రాజ్యం మరిచిపోవచ్చు, శిస్తు లెక్క మరిచిపోదు." అందుకే సెలవు పెట్టి, రికార్డు గది చుట్టూ తిరిగి, 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీశాను. ఊరూరా చెలక చెలకా తిరిగి ఏ భూమి ఎవరిదో, ఎవరు దున్నుతున్నారో, శిస్తు ఎంతో రాసిన ఏడాది అది. మన సర్వే నంబరు పేజీ దొరికింది. కానీ అంతా ఉర్దూ. నా కళ్లకు చీమల బారు. మీకైతే పాత కోర్టు ఉర్దూ మంచినీళ్లు తాగినట్టు.

అందులో తాత పేరు ఉంటుంది. దొర ముందు తలపాగా తీయని బాలనర్సయ్య పేరు. చదివి రాయండి చాలు. పెద్దక్షరాలతో అచ్చు వేయించి ఆ రేకుల మీదే అంటిస్తాను.

మీ కొడుకులాంటి,
సాయిచంద్

*

వికారాబాద్,
2 జూన్ 2025.

సాయీ,

ఫోన్ చేసింది నువ్వా! ఫోన్‌లో వద్దన్నా వచ్చావేమని కసిరితే పాలవాడు మూడు రోజులు "నేనేం తప్పు చేసిన సారూ" అని మొహం ముడుచుకుని పోతుంటే నాకు అర్థం కాలేదు. వాడికి చాయ్ తాగించి రాజీ చేసుకున్నాను.

నీ నకలు చదివాను. కూర్చుని చదువుకో, ఎగరకు. పట్టాదారు గడిలో మీ తాత పేరు లేదు. "బుచ్చమ్మ, కాశయ్య బిడ్డ" అని ఉంది. దున్నేవారి గడిలోనూ ఆమె పేరే.

నీకెప్పుడూ చెప్పలేదు, చెప్పే సందర్భం రాలేదు. మా నాయన ఆ ఇంటికి ఇల్లరికపు అల్లుడు. కాశయ్యకు మగపిల్లలు లేరు, బుచ్చమ్మ ఒక్కతే. ఆమె మా నాయనకు మొదటి భార్య. ఆమె చనిపోయాక మా అమ్మను చేసుకున్నాడు. తర్వాత మేము పుట్టాము. భూమిలో చాలామట్టుకు మా నాయన ఉన్నప్పుడే అమ్ముడుపోయింది. మిగిలింది ఆ సమాధుల ముక్క.

బుచ్చమ్మకు ఒక ఆడపిల్ల ఉండేదని చిన్నప్పుడు విన్నాను. పేరు భాగ్యమ్మ అనుకుంటా. తల్లి వైపువాళ్లు తీసుకుపోయి పెంచారట. పెళ్లయి బోరబండ దిక్కు వచ్చారని ఎప్పుడో ఎవరో అన్నారు. నువ్వుండేది అక్కడే కదా. ముందు ఆమె ఉందో లేదో కనుక్కో. వంశవృక్షంలో ఒక్క కొమ్మ తెలియకపోయినా దావా నిలవదు. ఏది తెలిసినా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి నాకు పంపు. తేదీ అబద్ధమాడదు, సంతకం మాట మార్చదు.

గోడల మీద, రేకుల మీద ఏమీ అంటించకు. కరపత్రాలతో కడుపు నింపుకుంటున్నావో, అన్నం కూడా తింటున్నావో రాయి.

పెద్దనాయన,
రామచంద్రం

*

బోరబండ,
22 జూన్ 2025.

పెద్దనాయనా,

ఎగరకు అన్నారు. ఎగిరాను. మా బృందంలో "మా తాత, మా తాత" అని ఛాతీ విరుచుకుని చెప్పినవాణ్ని. ఇప్పుడేం చెప్పాలి? మా తాతది కాదు, మా తాత మొదటి భార్యది అనా? మన ఇంట్లో ఒక్కరి నోటా ఆమె పేరు వినలేదు. పెత్రమాస నాడు చనిపోయిన అందరి పేరా బియ్యం ఇస్తాం. కోడలి తమ్ముడి పేరా ఇచ్చాం. ఎవరి భూమి తిన్నామో ఆమె పేర ఒక గుప్పెడు ఇవ్వలేదు. ఇది మరుపు కాదు పెద్దనాయనా, ఇది దొంగతనం! ఆడవాళ్ల పేర్లు పహాణీల్లో ఉన్నాయి, ఇళ్లలోనే లేవు.

సరే. కోపం దిగాక పని చేశాను. భూమి ఆమె పేరునుంచి తాత పేరుకు ఎలా వచ్చిందో తెలియాలి కదా. మున్సిఫ్ కోర్టు పాత కట్టల్లో వెతికించాను. రెండు ఆకుల ఫైసలా, అంటే తీర్పు నకలు, దొరికింది. బూజు వాసన, ఉర్దూ, మూలలు చిలుక కొరికినట్టున్నాయి. జిరాక్సు పంపుతున్నాను. అక్షరం అక్షరం చదివి రాయండి.

ఇక భాగ్యమ్మ. బోరబండలో రాయి విసిరితే భాగ్యమ్మ మీదే పడుతుంది. రేషన్ షాపు ముందు నిలబడి అడిగితే ఒకామె మజ్జిగ ఇచ్చి, ఓటరు లిస్టులో తన పేరు ఎందుకు ఎగిరిపోయిందో చెప్పమంది. ఇంకో భాగ్యమ్మ నన్ను కరెంటు మీటరువాణ్ననుకుని తలుపే తీయలేదు. మూడో ఆమె "నాకు తల్లిగారు సిద్దిపేట, నీకేం పని బే?" అంది. ఆదివారాలన్నీ ఇదే పని.

అన్నం తింటున్నాను. క్యాంటీన్‌లో బల్ల మార్చుకున్నాను. నీలం రేకులు చూస్తూ ముద్ద దిగడం లేదు.

సాయిచంద్

*

వికారాబాద్,
1 జూలై 2025.

సాయీ,

నీ జిరాక్సులు అందాయి. చదివాను. మొదటి ఆకులో మా నాయన అర్జీ: నా భార్య బుచ్చమ్మ చనిపోయింది, ఆమె పేరిట ఉన్న భూమిని భర్తనైన నా పేర మార్చవలెను అని. రెండో ఆకులో మంజూరు. మిగిలినవన్నీ ఆ కాలపు కోర్టు అలంకారాలు. హుజూర్, మెహర్బానీ, అదీ ఇదీ. రాయడం దండుగ.

నీకు వెతకడం చేతకాలేదు. భాగ్యమ్మ, భాగ్యమ్మ అని అడిగితే ఎవరు చెబుతారు? అత్తగారి ఊళ్లో ఆడవాళ్లను పేరు పెట్టి పిలవరు, తల్లిగారి ఊరు పెట్టి పిలుస్తారు. మా అమ్మను చచ్చేదాకా "కోకాపేటామె" అనే అన్నారు. నానక్‌రామ్‌గూడామె ఎవరని అడుగు.

దొరికితే ఇల్లు ఎక్కడో, పిల్లలెందరో, మనిషి ఎలా ఉందో రాయి. భర్త ఉన్నాడా లేడా అది కూడా తప్పకుండా అడుగు. ముత్తైదువైతే ఒక పద్ధతి, కాకపోతే ఒక పద్ధతి.

దొంగతనం అన్నావు. నీ వయసులో నాకూ నోటికి వచ్చేవి అలాంటి మాటలే. ఆ వయసులో నా చేతిలో కరపత్రం లేదు, నీలాంటి పిల్లవాడు ఉన్నాడు. వాడికి అన్నం పెట్టాల్సి వచ్చింది.

రామచంద్రం

*

బోరబండ,
15 జూలై 2025.

పెద్దనాయనా,

దొరికింది! మీ అక్క దొరికింది! నాకు మేనత్త ఉంది!

మీరు చెప్పినట్టే అడిగాను. స్టేషన్ అవతల గల్లీలో ఇడ్లీలు వేసే ఆమె గరిటె ఎత్తి చూపించింది. "నానక్రాంగూడామెనా? గా పచ్చ తలుపిల్లు." ఆ ఊరు వదిలి డెబ్బై ఏళ్లు. ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదట. అయినా గల్లీ గల్లీ ఆమెను మన ఊరి పేరుతో పిలుస్తోంది. నేను రోజూ ఆ ఊళ్లోనే ఉద్యోగం చేస్తాను, నన్నెవరూ అలా పిలవరు.

సన్నగా, వంగిపోయి, చేతికి మట్టిగాజులు. చింతపండు గింజ తీస్తోంది. నేను నిలబడే మొదలుపెట్టాను: ఖాస్రా పహాణీ, కాశయ్య, బుచ్చమ్మ, ఇల్లరికం, వారసత్వం, స్త్రీల ఆస్తిహక్కు. ఉపన్యాసం అనుకోండి. అంతా విని, "కరెంటోనివా?" అంది.

"కాదత్తా. నేను బాలనర్సయ్య మనుమణ్ని."

చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. "ఏ బాలనర్సయ్య?" అంది. తెలిసే అడిగింది. నేను చెప్పాను. లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "అల్లునివైతవ్. కాళ్లు కడుక్కో. గాడ నిలబడి కచేరి పెడ్తవేంది?" అంది.

మామ ఉన్నాడు. మీరు అడగమన్నారు కదా. నవ్వుతూనే ఉంటాడు, చేతులు మాత్రం వణుకుతాయి. గుండ్లు కొట్టిన చేతులట. "మీ ఆఫీసుల కింద బండ పలగ్గొట్టింది నేనే అల్లుడా. జర మెల్లగ నడువుండ్రి దాని మీద" అన్నాడు. పిల్లల్లేరు. ఒక కొడుకు పుట్టి పోయాడట.

ఇంకొకటి రాయాలి. నేను ఊరికే, "పుట్టింటికి ఎందుకు రాలేదత్తా ఎప్పుడూ" అని అడిగాను. మామే చెప్పాడు. "ఈ గల్లీల ఆడోళ్లందరికి మూడేండ్లకో ఐదేండ్లకో తల్లిగారు పిలిచి ఒడిబియ్యం పోస్తరు. పసుపు బియ్యం, కొబ్బరి కుడకలు, చీరె ఒళ్లె ఏస్కొని ఆటోల దిగుతరు. ఈమె అందరియి చూసుడే." అత్త కసిరింది: "ఊకో. ఒడిబియ్యం పోయాల్నంటె పుట్టిల్లుండాలె. పుట్టింట్ల పోస్తరు గని బజార్ల పోస్తరా?"

ఏ కరపత్రంలోనూ ఈ బియ్యం గురించి లేదు.

ఒక మాట ఇచ్చి వచ్చాను. ఈ పెత్రమాసకు నానక్‌రామ్‌గూడ తీసుకెళ్లి వాళ్లమ్మ సమాధి మీద దీపం పెట్టిస్తానని. రేకులున్నా సరే, గోడలున్నా సరే. భూమి ఆమెది పెద్దనాయనా. మనం ఆమె పక్కన నిలబడితే ఆ కంపెనీ ఏం చేయగలదు? వంశవృక్షం గీసి పంపుతున్నాను. అందులో బుచ్చమ్మ పైన ఉంది, భాగ్యమ్మ పేరు మీ పేరు కంటే ముందుంది. ఇంటి గుర్తులు, ఫోన్ నంబరు వెనకపక్క రాశాను. తేదీ వేశాను, సంతకం పెట్టాను.

మీ కొడుకు,
సాయిచంద్

*

వికారాబాద్,
24 జూలై 2025.

సాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అక్క! ఈ వయసులో ఒకరిని అక్కా అని పిలవాల్సి వస్తుందనుకోలేదు. మంచి పని చేశావు. మా తమ్ముడుంటే సంతోషించేవాడు.

ఒక్క మాట విను. భూమి సంగతి ఆమె ముందు ఎక్కువ ఎత్తకు. పెద్ద ప్రాణం, తట్టుకోలేదు. నేనే వస్తాను. శ్రావణమాసం వస్తోంది, మంచి రోజులు. ఎలా కలవాలో, ఏం పెట్టాలో పెద్దవాణ్ని, నాకు తెలుసు. అప్పటిదాకా నువ్వు ఆఫీసు పని చూసుకో. ఆ రేకుల దగ్గరికి పోకు.

నీ వంశవృక్షం బాగుంది. చేతిరాత మాత్రం నా పరువు తీసేలా ఉంది.

రామచంద్రం

*

బోరబండ,
24 ఆగస్టు 2025.

పెద్దనాయనా,

ఈ ఉత్తరం చించి మూడుసార్లు రాశాను. ఇది నాలుగోది.

ముందు నా తప్పు. ఈ నెల పదిన మా బృందంతో కలిసి ఆ రేకులు పీకేశాను. లోపల జేసీబీ అప్పటికే ఒక పక్క గట్టు లాగేసింది. మధ్యాహ్నం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, పేర్లు రాసుకుని పంపారు. మీరు వద్దన్నా వెళ్లాను కాబట్టి మీకు రాయలేదు. ఆ సిగ్గుతోనే దాదాపు రెండు వారాలు అత్త ఇంటికి కూడా పోలేదు.

నిన్న పోయాను. అత్త కొత్త చీరలో ఉంది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, ఇంకా మడతల గీతలు పోలేదు. "అచ్చినవా అల్లుడా, మంచిగచ్చినవ్, కూసో" అని పళ్లెం పెట్టింది. పసుపు పచ్చటి అన్నం, బెల్లం, కొబ్బరి. గల్లీలో అందరికీ పెట్టిందట, ఇది నాకని ఉంచిందట. ఆకలి మీదున్నాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తిన్నాక, "ఏం పండుగత్తా?" అన్నాను.

"మా తమ్ముడచ్చిండు కదరా! నీకు చెప్పలేదా? ఒడిబియ్యం తెచ్చిండు. ఐదుగురు ముత్తైదులను పిలిచి పోయించిండు. చెవులు ఇనరావు పాపం, నేనేడుస్తుంటె 'ఏంది, ఏంది' అంటుండు."

నేను ఎంత సంబరపడ్డానో మీకు తెలియదు. మా పెద్దనాయన అంటే ఇదీ అనుకున్నాను. ఈ దేశంలో సగం కరపత్రాలు చేయలేని పని చీర, ఐదు కిలోల బియ్యంతో చేసి వచ్చాడు అనుకున్నాను. అప్పుడు మామ అన్నాడు, "కాయితం గూడ ఇచ్చిపోయిండు, జర చూడు అల్లుడా, మాకు చదువ రాదు."

బియ్యం డబ్బా కింద పెట్టారు జిరాక్సు. చదివాను. నానక్‌రామ్‌గూడ పది గుంటల్లో తనకు ఏ హక్కూ లేదని, రామచంద్రం ఆ కంపెనీకి చేసిన అమ్మకానికి తన ఒప్పుదల ఉందని భాగ్యమ్మ వేసిన వేలిముద్ర. దానికి జతగా నేను గీసిన వంశవృక్షం. జూలై పదిహేను తేదీతో. నా సంతకంతో.

ఒడిలో బియ్యం పడుతుండగానే వేలు వేయించారట కదా. "పుట్టింటోళ్లు దీవెనకు రాస్కుంటున్నరనుకున్న" అంది అత్త. నేను తిన్న పళ్లెం తీసుకెళ్లి కడిగి పెట్టాను.

అక్కడితో ఆగలేదు. ఆ ఫైసలా జిరాక్సు తీసుకుని మా టీమ్ ఫర్హీన్ వాళ్ల నానమ్మ దగ్గరికి పోయాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, రాసినవాడి రాతను తిట్టి, మొత్తం చదివింది. మీరు అలంకారాలు అని వదిలేసిన చోట ఒక వాక్యం ఉంది. బాలనర్సయ్య కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది: "నా భార్య బుచ్చమ్మకు సంతానం లేదు."

నా తాత తన కన్నబిడ్డను కోర్టులో లేదన్నాడు. మీరు ఆ వాక్యాన్ని నా దగ్గర లేదన్నారు.

ఇదంతా అబద్ధమని రాయండి. నేను సరిగా చదవలేదని రాయండి. మీరు చెబితే ఇప్పటికీ నమ్ముతాను.

సాయిచంద్

*

వికారాబాద్,
2 సెప్టెంబరు 2025.

సాయీ,

అబద్ధమని రాయను. నీకు చదవడం నేర్పింది నేను.

ఎందుకు చేశానో విను. నువ్వు పదో తారీఖున రేకులు పీకావు. పన్నెండున కంపెనీవాళ్లు నా ఇంటికి వచ్చారు. కేసు గట్టిగా పెడితే నీ ఉద్యోగం పోతుంది, రేపు ఏ కంపెనీ గేటు లోపలికీ నిన్ను రానివ్వరు అన్నారు. సంతకాలు ఇప్పిస్తే కేసు లేదన్నారు. కోర్టు గదుల్లో బతికినవాణ్ని, కేసంటే ఏమిటో నీకన్నా నాకు తెలుసు. యౌవనంలో కాగితం పట్టుకుని మెట్లెక్కి, అదే కాగితంతో ముసలివాళ్లై దిగినవాళ్లను వేలమందిని చూశాను. నువ్వు వాళ్లలో ఒకడివి కాకూడదు. అందుకే పోయాను.

ఆ వాక్యం దాచాను, నిజమే. మీ తాత సమాధిని చూస్తూ అన్నం తినే పిల్లవాడికి అది ఎలా చదివి వినిపించను?

అక్కకు నేను పోసిన బియ్యం దొంగ బియ్యం కాదు. ఆమె ఏడ్చినప్పుడు నాకూ నీళ్లు వచ్చాయి. సమాధులు ఎలాగూ నిలవవు సాయీ. నలువైపులా టవర్లు లేచాక మధ్యలో పది గుంటల మట్టిని ఏ దేవుడూ కాపాడడు.

ఇక ఒక పని ఉంది. ఇంటి దగ్గర వేసిన వేలిముద్ర చాలదట. ఈ నెల 25న రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆమె కెమెరా ముందు కూర్చుని మిషన్ మీద వేలు పెట్టాలి. నేను పిలిస్తే వస్తుందేమో కానీ మీ మామ భయపడుతున్నాడు. నువ్వంటే వాళ్లకు గురి. నువ్వే తీసుకురా. ఇది నీ కోసమే చేస్తున్నాను.

పెద్దనాయన

*

బోరబండ,
28 సెప్టెంబరు 2025.

రామచంద్రం గారికి,

నా కోసం చేశానని రాశారు. రేకులు పీకింది ఆగస్టు పదిన. అత్త వేలు వేసిన స్టాంపు కాగితం నెత్తిన, అది కొన్న తేదీ ఉంది. మే 28. కొన్నవారి పేరు మీదే. నా మొదటి ఉత్తరం మీకు అందింది, మీరు స్టాంపు కాగితం కొన్నారు, ఆ తర్వాత జూన్ రెండున నాకు జవాబు రాశారు. "ముందు ఆమె ఉందో లేదో కనుక్కో" అని. అప్పటికే మీరు భూమి అమ్మేశారు, నేను ఒక్క రేకు కూడా ముట్టుకోలేదు. భర్త ఉన్నాడా అని జూలైలో అడిగారు. ప్రేమ అనుకున్నాను. ముత్తైదువైతేనే కదా ఒడిబియ్యం పోయగలిగేది.

తేదీ అబద్ధమాడదు. నేర్పింది మీరే.

నాలుగు నెలలు సమాధులను కాపాడుతున్నానని రికార్డు గదుల్లో దుమ్ము మింగాను. నేను వెతికింది నా పూర్వీకులను కాదు, మీకు తక్కువైన ఒక్క వేలిని. ఆ కంపెనీ నాకు జీతం ఇవ్వలేదు గానీ నాకంటే బాగా పనిచేసిన ఉద్యోగి వాళ్లకు లేడు.

ఇక జరిగింది రాస్తాను. ఆఫీసు ముందు మీరు కారు దిగలేదు, లోపల ఏమైందో వాళ్లు మీకు సరిగా చెప్పి ఉండరు.

అత్తకు చెప్పకూడదనే అనుకున్నాను. అవును, నేనే. నిజం, నిజం అని గొంతు చించుకునేవాణ్ని. ఆ ఆకుపచ్చ చీర కట్టుకున్న ప్రతిసారీ ఆమె మొహం చూసి నోరు పడిపోయింది. గల్లీలో అందరికీ "మా తమ్ముడు పెట్టింది" అని కొంగు పట్టి చూపిస్తోంది. నేను నోరు విప్పితే ఆమెకు తమ్ముడు పోతాడు. విప్పకపోతే నేను మీలా అవుతాను.

పెత్రమాస నాడు నానక్‌రామ్‌గూడ తీసుకెళ్లాను. గేటు దగ్గర మనిషి నన్ను గుర్తుపట్టి కర్ర తీశాడు. అత్త చేతిలో దీపం చూసి దించేశాడు. "అమ్మ ఒక్కతె పోతే నేనేం చూడలే. నువ్వు మాత్రం పోస్టరు తియ్యకు తమ్మీ" అన్నాడు. చివరికి ఇద్దరినీ పంపాడు. పేరున్న సమాధులు మన ఇంటివాళ్లవి. వెనక సున్నం రాలిన పాతవి ఐదు. అందులో ఏది బుచ్చమ్మదో నాకు తెలియదు. మీకు తెలుసేమో, ఎప్పుడూ చెప్పలేదు. అత్త ఒక్క క్షణం నిలబడి, తెచ్చిన వత్తిని ఐదు ముక్కలు చేసింది. "అన్నిట్ల పెడ్త. ఒకటైతె మా అమ్మది కాకపోదు" అంది.

అక్కడ చెప్పాను. కాగితంలో ఏముందో, అది ఎవరి భూమో, తాత కోర్టులో ఏమన్నాడో, అంతా. నా గొంతే నాకు కరపత్రంలా వినిపించింది. ఆమె వింటూ దీపాలకు చెయ్యి అడ్డం పెట్టింది. టవర్ల మధ్య గాలి ఎక్కువ. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది. "పిల్లల్లేరన్నడా నాయిన?"

"అన్నాడత్తా."

"నేను గప్పుడు ఆయన భుజం మీద కూసొని జాతరకు పోయిన."

షేర్ ఆటోలో తిరిగి వచ్చాం. దిగేటప్పుడు, "నాకెర్కనేరా" అంది. నాకు అర్థం కాలేదు. "ఒడిబియ్యం పుట్టింట్ల పోస్తరు. తమ్ముడు నా ఇంటికి తెచ్చిండు. గప్పుడే అనుకున్న, ఇది బియ్యం కాదని. అయినా ఒడి పట్టిన. గన్నేండ్లకు ఎవరన్న పోస్తాన్నంటె ఒడి ఎట్ల ముడుసుకుంట?" అంది. తర్వాత, "తమ్ముడు రమ్మన్నడు కద రిజిస్టరు కాడికి, పోదాం. రానంటె మాట తప్పినట్టుంటది."

వేలు వేస్తుందనే అనుకున్నాను. నా చేతనైందంతా ఆమెకు నష్టమే తెచ్చింది, ఇక నా నోటితో ఆపే హక్కు నాకు లేదనుకున్నాను.

మీరు పెట్టిన చీరే కట్టుకుని వచ్చింది. కంపెనీ మనిషి కుర్చీ వేశాడు, మజ్జిగ తెచ్చాడు. అధికారి కెమెరా సర్ది, కాగితం చదివి, అడగవలసింది అడిగాడు: "భాగ్యమ్మా, నువ్వు బుచ్చమ్మ బిడ్డవే కదా? ఇష్టంతోనే వేలు వేస్తున్నావా?"

అత్త కొంగు సర్దుకుని చాలా మర్యాదగా చెప్పింది. "బుచ్చమ్మకు పిల్లలు లేరని కోర్టుల మా నాయిన పమానం చేసి చెప్పిండట సారూ. గా కాయితం మా తమ్మునికాడున్నది. తండ్రి మాట నేను అబద్ధమంటనా? లేని బిడ్డ వేలెట్ల ఏస్తది?"

అధికారి కంపెనీ వకీలును చూశాడు. వకీలు కంపెనీ మనిషిని చూశాడు. అతను కిటికీలోంచి మీ కారును చూశాడు. ఆమె ఉందంటే తాత పేర జరిగిన మార్పు తప్పు. లేదంటే మీకు కావలసిన వేలు లేదు. నేను ఇన్ని నెలలు చట్టాలు చదివి కనిపెట్టలేనిది అత్త ఐదు దీపాల దగ్గర కనిపెట్టింది. అధికారి కాగితం పక్కన పెట్టి "తర్వాతివాళ్లు రండి" అన్నాడు.

రేకులు అలాగే ఉన్నాయి. సమాధులు నిలుస్తాయో లేదో తెలియదు. జేసీబీ మాత్రం శుక్రవారం వెళ్లిపోయింది. నేను మళ్లీ పాత బల్ల దగ్గరే తింటున్నాను.

బయటికి వచ్చేటప్పుడు అత్త మీ కారు ముందు ఒక నిమిషం ఆగింది. మీరు అద్దం దించలేదు. ఆమె మీకు చెప్పాలనుకున్నది నాతో రాయిస్తోంది. ఇప్పుడు పక్కనే కూర్చుంది. ఆమె మాటలే ఇవి: "తమ్మీ, చీరె మంచిగున్నది. ఒడిబియ్యం మల్ల మూడో ఏడు పోయాలె. ఈసారి ఇంటికి తేకు. పుట్టింట్ల పొయ్యి. మా అమ్మ ఉన్నకాడ. ఐదు దీపాలున్న జాగ, నీకెర్కనే. మర్సిపోకు. చెవి మిషిని పెట్టుకో."

తేదీ పైన వేశాను. సంతకం పెట్టడం లేదు. నా సంతకాలు మీ దగ్గర చాలా ఉన్నాయి.